ఏరినవి ఎన్ని

ఆ ఎండాకాలం మా పరిశోధనశాలలో పదకొండు మంది నన్ను అక్కా అని పిలిచేవారు. మా సొంత చెల్లెలొక్కతే ఏమండీ అనేది.

నాది చేపల గది. కింది అంతస్తులో, కిటికీలు లేని పొడుగాటి గది. రెండు గోడల వెంబడీ ఐదేసి వరుసల గాజు తొట్లు, వాటిలో జీబ్రా చేపలు. చిటికెన వేలు కంటే పొట్టివి, ఒంటి నిండా నీలం చారలు. మూడో అంతస్తులో చదువుకున్నవాళ్ళు వాటి గుడ్లు తీసుకెళ్ళి మెదడు ఎలా పుడుతుందో చూసేవారు. ఆ గుడ్డు గాజులా ఉంటుంది. లోపల తల, కన్ను, గుండె ఒక్కొక్కటీ తయారవడం బయటినుంచే కనిపిస్తుంది. సాయంత్రం ఆడచేపనీ మగచేపనీ ఒకే డబ్బాలో వేసి మధ్యలో అడ్డం పెడతాను. పొద్దున దీపాలు వెలిగించి అడ్డం తీస్తే అరగంటలో గుడ్లు పెడతాయి. మేత, నీళ్ళు, తొట్లు కడగడం, అన్నీ నేనే. తొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను కాబట్టి చేపలక్క అన్న పేరు స్థిరపడిపోయింది. నాకు ఆ పేరు ఇష్టం.

చదువు నాకు అబ్బలేదు. చెల్లెలి చదువు కోసం నేను మానేశానని అమ్మ ఇరుగుపొరుగుతో చెప్పుకునేది. నిజానికి లెక్కల్లో రెండుసార్లు తప్పి మానేశాను. త్యాగం చేశానన్న మాట వినడానికి బాగుండేది, అందుకని ఎప్పుడూ కాదనలేదు. చెల్లెలు మాత్రం ఊరుకునేది కాదు. "త్యాగమేంటమ్మా, తప్పింది" అనేది, వచ్చినవాళ్ళ ముందే.

అలాంటి చెల్లెలికి మా పెద్దసారు దగ్గరే పరిశోధనకి సీటు వచ్చింది. ఆ పరిశోధనశాల గురించి దానికి చిన్నప్పటినుంచీ నూరిపోసింది నేనే. నా సంతోషం ఇంతా అంతా కాదు. చేరాల్సిన రోజు పొద్దున గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ అది అంది:

"అక్కా, ఒక మాట. అక్కడ మనం అక్కాచెల్లెళ్ళమని ఎవరికీ చెప్పకు."

"ఎందుకని?"

"నువ్వు సిఫార్సు చేశావనుకుంటారు."

"నేనా? తొట్లు కడిగే మనిషి సిఫార్సు ఎవరు వింటారే?"

"అదే," అంది పట్టీ బిగించుకుంటూ. "అది కూడా."

నాది నాన్న ముఖం, దానిది అమ్మ ముఖం. ఎవరికీ అనుమానం రాలేదు. ఒకే బస్సు ఎక్కేవాళ్ళం. అది ముందు తలుపు దిగేది, నేను వెనక తలుపు. పావుగంట తర్వాత నా గదికి వచ్చి "ఏమండీ, నా గుడ్లు రెడీనా?" అనేది. "రెడీ అండీ" అనేదాన్ని. మొదటి వారం నవ్వొచ్చింది. రెండో వారం రాలేదు.

దాని పని ఇలా సాగేది. పొద్దున పెట్టిన గుడ్లని గిన్నెకి నలభై చొప్పున పంచి మధ్యాహ్నం మందు కలిపేది. సాయంత్రం మందు కడిగేసి, గిన్నెల్ని వెచ్చని పెట్టెలో పెట్టేది. మర్నాడు పొద్దున వాటిని ముట్టుకునేది కాదు. ఆ మర్నాడు, అంటే రెండో రోజు, సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కొక్క దాని తలని ఫోటో తీసేది.

మధ్యలో ఉన్న మొదటి రోజు పొద్దున గిన్నెలు ఏరడం నా పని. ఎవరి గిన్నెలైనా అంతే. చచ్చిన గుడ్డు తెల్లబడుతుంది, ఒక్కటి ఉన్నా బూజు పట్టి గిన్నె మొత్తాన్ని తినేస్తుంది. దాన్ని సన్న గాజుగొట్టంతో పీల్చి బ్లీచ్ నీళ్ళలో వదిలేయాలి. తర్వాత ఆ గిన్నె ఎవరిదో వాళ్ళ పుస్తకంలో 'ఏరినవి' అన్న గడిలో అంకె వేసి పక్కన సంతకం పెట్టాలి.

ఏరడంలో నాకు పేరుంది. తెల్లబడ్డవాటిని ఎవరైనా ఏరతారు. రేపో ఎల్లుండో తెల్లబడబోయేది నాకు ఇవాళే తెలుస్తుంది. తలలో ఒక మసక ఉంటుంది. ఎలా కనిపెడతావంటే చెప్పలేను, పాలు విరగబోయే ముందు ఇంట్లో ఆడవాళ్ళకి తెలిసినట్టే తెలుస్తుంది. అలాంటివాటిని కూడా తీసేసేదాన్ని. "ఆవిడ కళ్ళు నా సూక్ష్మదర్శిని కంటే నయం" అని పెద్దసారు ఒకసారి ఎవరితోనో అన్నారు. ఆ మాట ఇంటికి తెచ్చుకుని చాలా రోజులు వాడుకున్నాను.

మూడో వారంలో చెల్లెలు తన పుస్తకం పట్టుకుని కిందికి వచ్చింది. వెనకే ఇద్దరు విద్యార్థులున్నారు.

"ఏమండీ, ఇందులో రాసింది మీరేనా?"

"అవునండీ. ఏరినవి పదిహేడు."

"ఇకమీదట రాయకండి. కోడి కెలికినట్టుంది. ఈ పుస్తకం రేపు పరీక్షకులు చూస్తారు, బయటివాళ్ళు చూస్తారు."

"మరి లెక్క?"

"మిగిలినవాటిని నేను లెక్కపెట్టుకుంటాను కదా. మీరు ఏరండి, చాలు."

అంటూ నా ఎదురుగానే, నా అంకెలున్న ఆ ఒక్క పేజీని చింపి, నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది. పరిశోధన పుస్తకంలో పేజీ చింపడం తప్పని నాకే తెలుసు, దానికి తెలియకపోలేదు. "అక్కా, పెన్ను వదిలేసి గొట్టం పట్టుకో" అన్నాడు విద్యార్థుల్లో ఒకడు. ముగ్గురూ నవ్వారు. చెల్లెలే ఎక్కువసేపు నవ్వింది.

ఆ సాయంత్రం ఇంట్లో, ఏమీ జరగనట్టు, "అక్కా, నా తెల్లచొక్కా ఇస్త్రీ చేశావా?" అని అడిగింది. చేసే ఉంచాను. చెయ్యకుండా ఉండాల్సింది.

అప్పటినుంచీ దాని గిన్నెలు ఏరాను, అంకె వెయ్యలేదు. వద్దన్న పని చెయ్యకపోవడంలో తప్పేముంది?

ఎండలు ముదిరిన ఒక ఆదివారం మధ్యాహ్నం. అమ్మ కుట్టుపని చేస్తుంది. భోజనాలబల్లే ఆమె కత్తిరింపుల బల్ల కూడా. చెల్లెలు ఆ రోజు పట్టరాని హుషారుగా ఉంది. కంచాలు పక్కకి జరిపి, అమ్మ బొత్తాల డబ్బా బోర్లించి, తెల్ల బొత్తాలని వరసగా పేర్చింది. మధ్యలో నాలుగు ఎర్రవి పెట్టింది.

"ఇదీ పుట్టబోయే మెదడమ్మా. ఒక్కో బొత్తం ఒక్కో కణం. మొదట్లో అన్నీ ఒకటే, ఎవరు ఏమవ్వాలో ఎవరికీ తెలీదు. ఈ ఎర్రవి పక్కవాటికి కబురు పంపుతాయి, నువ్వు ఇదవ్వు, నువ్వు అదవ్వు అని. ఆ కబురు అందితేనే ఇక్కడ ఒక మడత పడుతుంది. గట్టు అంటాం. గట్టుకి ఇటు చూపు, అటు నడక. గట్టు పడకపోతే చేప తిన్నగా ఈదలేదు."

"మరి నువ్వేం చేస్తున్నావు?" అంది అమ్మ, కళ్ళజోడు పైకి తోసుకుని.

"మందు పెట్టి ఈ ఎర్రవాటి నోరు కొన్ని గంటలు మూయిస్తాను. తర్వాత మందు కడిగేస్తే మళ్ళీ నోరు తెరుస్తాయి. అప్పటికే ఆలస్యమైపోయింది, కబురు వెళ్ళినా పక్కవి వినవు అని లోకమంతా అంటోంది. పెద్దసారు కూడా అదే రాశారు. కానీ వింటున్నాయమ్మా. ఇరవై గిన్నెలు చూశాను. గట్టు లేని పిల్ల ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆలస్యంగా చెప్పినా వింటాయి."

అమ్మకి ఎంత అర్థమైందో గాని కళ్ళు చెమర్చాయి. నేను ఆ ఎర్ర బొత్తాలవైపే చూస్తున్నాను. తలలో మసక ఉన్నవి గుర్తొచ్చాయి. కళ్ళ వెనక పడాల్సిన మడత లేక నున్నగా ఉన్న తలలు. గిన్నెకి పదిహేడు, పద్దెనిమిది. అవే గట్టు లేని పిల్లలు. అది చూడకముందే నేను పీల్చి పారేశాను. దాని గిన్నెల్లో మిగిలినవన్నీ మందు పట్టనివే.

"నలభైలో ఎన్ని మిగులుతున్నాయి?" అని అడిగాను.

"ఇరవై రెండు, ఇరవై మూడు. మందుకి కొన్ని చస్తాయి, మామూలే."

"చచ్చినవేనంటావా? నేను ఏరినవాటిలో కొన్ని..."

"అక్కా," అంది నవ్వుతూ, "నీళ్ళ సంగతి నువ్వు చూసుకో, మెదడు సంగతి నేను చూసుకుంటాను. ఆ జగ్గు ఇటందుకో."

అమ్మ కూడా నవ్వింది. నేను జగ్గు అందించాను.

అప్పుడు చెప్పి ఉంటే ఇరవై గిన్నెల కష్టం పోయేది, అంతే. మనిషి మిగిలేది. నోటిదాకా వచ్చిన మాటని అది నవ్వుతో వెనక్కి నెట్టిందని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ మాటని గుటక వేసింది నేనే.

అక్కడితో ఆగినా బాగుండేది. సోమవారం పొద్దున గొట్టం పట్టుకుని గిన్నెల ముందు కూర్చున్నాను. తెల్లబడ్డవి నాలుగే ఉన్నాయి. అవి తీసి ఊరుకోవచ్చు. కోడి కెలికినట్టుంది అన్నప్పటి దాని నవ్వు గుర్తొచ్చింది. కూర్చుని నున్నటి తల ఉన్నదాన్నల్లా ఏరాను. ఒక్కటి కూడా వదల్లేదు. ఆ తర్వాత ముప్పై ఎనిమిది గిన్నెలు తెలిసీ తెలిసీ ఏరాను. లెక్క పుస్తకంలో లేదు, నా తలలో ఉంది. లెక్కల్లో రెండుసార్లు తప్పినదానికి ఈ లెక్క మాత్రం మర్చిపోదామన్నా పోదు.

ఒక రోజు ఏరినవాటిని బ్లీచ్‌లో వదలబోతూ ఆగాను. జాలి కాదు. ఆ గదిలో జాలిపడితే పని సాగదు. నాకు చూడాలనిపించింది. ఇవి ఉంటే ఏమవుతాయి? తొమ్మిదేళ్ళలో నేను ఏరడమే గాని ఏరినవాటిని చూసింది లేదు. ఒక సీసాలో పోసి, గుడ్డ కప్పి, అరలో వెనక్కి పెట్టాను.

రెండో రోజు తలలు నున్నగానే ఉన్నాయి. మూడో రోజు పొద్దున సూక్ష్మదర్శిని కింద పెడితే కళ్ళ వెనక సన్నటి గీత కనిపించింది. నాలుగో రోజుకి గట్టు పడింది. ఒకటీ రెంటికి కాదు, దాదాపు అన్నిటికీ. ఐదో రోజు తిన్నగా ఈదాయి.

చెల్లెలు చెప్పింది నిజమే. ఆలస్యంగా చెప్పినా వింటాయి. ఒక్క రోజు తేడా, అంతే. రెండో రోజు చూడాల్సింది కాదు, నాలుగో రోజు చూడాలి. అది తప్పు గిన్నెలు చూసి నిజం చెప్పింది. ఆ నిజానికి సాక్ష్యం లోకంలో ఒక్క నా సీసాలో ఉంది.

అప్పుడు నాకు కలిగింది ద్వేషం కాదు, సంతోషం. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. గొట్టం చేతిలో ఉండగానే మూడంతస్తుల మెట్లు ఎక్కేశాను. చెల్లెలు అద్దాల తలుపు దగ్గర బయటినుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులకి తన ఫోటోలు చూపిస్తోంది. నన్ను చూసి తలుపు జానెడు తెరిచింది.

"ఏంటండీ?"

"ఒక్కసారి కిందికి వస్తారా? ఒకటి చూపించాలి."

"ఇప్పుడు కాదండీ." వాళ్ళవైపు తిరిగి, "చేపల గది మనిషి," అంది. "తొట్టి ఏదో కారుతుంటుంది."

తలుపు మూసేసింది. మెట్లు దిగి వచ్చాను. సీసాలోవాటిని అడుగు వరసలో చివరి తొట్టిలోకి మార్చాను. ప్రతి తొట్టికీ చీటీ ఉండాలి, ఎవరివి, ఎప్పటివి అని. ఆ తొట్టికి చీటీ అంటించలేదు. రోజూ మేత మాత్రం అన్నిటికంటే ముందు దానికే వేసేదాన్ని.

ఎండాకాలం సగం అయ్యేసరికి చెల్లెలి పేరు మారుమోగిపోయింది. పెద్ద సభలో మాట్లాడింది. పెద్దసారు ఏళ్ళ కిందట రాసినదాన్ని కాదన్నది ఆయన విద్యార్థే కాబట్టి, ఆయన ముఖాన నవ్వు పులుముకుని చప్పట్లు కొట్టారు. అమ్మ కొత్త పరదాలు కుట్టింది. చెల్లెలు ఇంట్లో కూడా నన్ను పిలవడం తగ్గించింది. "ఎవరైనా ఆ కిటికీ వేస్తారా?" అనేది, గదిలో నేనొక్కదాన్నే ఉన్నప్పుడు.

సభ జరిగిన నెలకి వేరే పరిశోధనశాలనుంచి ఉత్తరం వచ్చింది. మేము మూడుసార్లు చేసి చూశాం, రెండో రోజు సగానికి సగం పిల్లలకి గట్టు లేదు, అని. పెద్దసారు ఎదురుచూస్తున్నట్టే ఉన్నారు. ఉత్తరం చెల్లెలి ముందు పెట్టి, "నా గదిలో, నా ఎదురుగా చేసి చూపించండి," అన్నారు. అది చేసింది. గిన్నెని ఆయన తన గదిలోనే పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నారు. దాన్ని ఎవరూ ఏరలేదు.

రెండో రోజు పది గంటలకి నన్ను కూడా పిలిపించారు. చెల్లెలు బల్లకి అటువైపు నిలబడి ఉంది. నేను ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ఉంది.

"నలభైలో పదిహేడింటికి గట్టు లేదు," అన్నారు పెద్దసారు. "ఇన్నాళ్ళూ మీ గిన్నెల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు. అవన్నీ ఎక్కడికి పోయాయి?"

"చచ్చిపోయాయనుకున్నాను సార్."

"చూడండి. గుండె కొట్టుకుంటోంది."

అది సూక్ష్మదర్శినిలోకి వంగి చూసింది. చాలాసేపు చూసింది. దాని భుజాలు బిగుసుకోవడం చూశాను. దానికి అర్థమైంది. తల ఎత్తి నావైపు చూడకుండానే, "గిన్నెలు ఏరేది ఆవిడ సార్," అంది.

పెద్దసారు నావైపు తిరిగారు. "మీరు ఏరారా?"

నీళ్ళు నమలకూడదని ముందే అనుకున్నాను. "ఏరితే రాయాలి కదా సార్," అన్నాను. "మిగతా అందరి పుస్తకాల్లోనూ నా సంతకం ఉంటుంది. ఆవిడ పుస్తకం చూడండి."

ఒక్క ముక్క అబద్ధం లేదు అందులో.

ఆయన పుస్తకం తెప్పించి, పేజీలు తిప్పారు. ఏరినవి అన్న గడి మొదటినుంచి చివరిదాకా ఖాళీ. మిగతా పుస్తకాలు కూడా తెప్పించి చూశారు. వాటి నిండా నా కోడిగీతలు. మళ్ళీ చెల్లెలి పుస్తకం తీసి ఒకచోట వేలు ఆపారు.

"ఇక్కడ పేజీ చింపారు."

గోడకున్న పంకా మా ముగ్గురి మీదుగా ఒకసారి తిరిగి వెళ్ళింది.

"అక్కా," అంది చెల్లెలు.

ఆ భవనంలో అది నన్ను అలా పిలవడం అదే మొదటిసారి. పదకొండు మంది పిలిచే పిలుపే కాబట్టి పెద్దసారు పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు.

"చెప్పండి," అన్నాను.

అది నా ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు జ్వరం వస్తే చూసిన చూపు. తర్వాత చింపిన పేజీ అంచువైపు చూపు దించుకుంది.

పెద్దసారు పెన్ను మూత పెడుతూ, ఎంతో మర్యాదగా చెల్లెలికి చెప్పారు. "రేపటినుంచి రాకండి. బాగున్నవి ఉంచుకుని బాగోలేనివి పారేస్తే ఎవరైనా ఏదైనా కనిపెట్టొచ్చు. ఇంకెక్కడైనా చేరాలనుకుంటే వాళ్ళు నన్నే అడుగుతారు. నేను ఉన్నది చెబుతాను." తర్వాత ఆ గిన్నె తీసి నా చేతికిచ్చారు. "ఇది పారబోసెయ్యండి."

ఇంకో రెండు రోజులు ఆ గిన్నెని కిటికీ పక్కన వదిలేసినా సరే, మా చెల్లెలు నిలబడేది. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. గిన్నెలో గుండెలు ఇంకా కొట్టుకుంటున్నాయి. పక్కనే ఉన్న బ్లీచ్ డబ్బాలో వంచాను. ఒక్క చుక్క కూడా బయట పడలేదు, అదే ఇప్పటికీ నన్ను భయపెడుతుంది.

ఇంట్లో చెల్లెలు పని పోయిందని మాత్రమే చెప్పింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నా సంగతి బయటపెట్టాలంటే, అక్కని అక్క కాదని దాచిన సంగతి కూడా అమ్మకి చెప్పాలి. అమ్మ కోపమంతా నా మీదే. కూర వడ్డించే గరిటె గిన్నెకేసి కొట్టి అంది:

"తొమ్మిదేళ్ళుగా అక్కడ ఉన్నావు. చెల్లెలి తరఫున ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"అక్క మాట అక్కడ ఎవరు వింటారమ్మా," అంది చెల్లెలు కంచంలోంచి తల ఎత్తకుండా.

అది నన్ను కాపాడిందో, పుండు మీద కారం చల్లిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడు వారాలు అది గదిలోంచి సరిగా బయటికి రాలేదు. తర్వాత ఎక్కడో దూరంగా చిన్నపిల్లల బడిలో టీచరు ఉద్యోగం చూసుకుంది. బయల్దేరిన శుక్రవారం పొద్దున మొదటి వాన పడింది. పెద్ద సంచీ నేను మోశాను. బస్టాండు రేకుల కింద పక్కపక్కనే నిలబడ్డాం. బస్సు వచ్చాక మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"ఎన్ని ఏరావు?"

ఎందుకు అని అడుగుతుందనుకున్నాను. దానికి సమాధానం తయారుగా పెట్టుకున్నాను, నెల రోజులుగా నూరి పెట్టుకున్నాను. ఎన్ని అని అడుగుతుందనుకోలేదు.

"లెక్కపెట్టలేదు," అన్నాను. ఆరువందల అరవై మూడు.

"అవి తర్వాత ఏమయ్యాయో ఎప్పుడైనా చూశావా? మూడో రోజు, నాలుగో రోజు?"

దాని కళ్ళలో కోపం లేదు. బొత్తాలు పేర్చిన రోజు ఉన్న వెలుగే ఉంది. పేరు పోయి, పని పోయి, ఇల్లు వదిలి పోతూ కూడా దానికి కావాల్సింది అదొక్కటే. కణాలు విన్నాయా లేదా.

"బ్లీచ్‌లో పోశాను," అన్నాను. "రోజూ పోసేదే కదా."

తల ఊపింది. ఎక్కి కూర్చుంది. కిటికీలోంచి "అమ్మ మందులు చూసుకో" అంది. అక్కా అనలేదు, ఏమండీ అని కూడా అనలేదు.

పెద్దసారు అప్పటికే కొత్త నియమం పెట్టారు. చీటీ లేని తొట్టి శనివారం మధ్యాహ్నానికల్లా ఖాళీ కావాలి. తీసేసిన ప్రతి చేపనీ, అది ఎవరి పనిలో పుట్టిందో వాళ్ళ పుస్తకంలో రాసి, కారణం రాయాలి.

శనివారం పొద్దున చివరి తొట్టి ముందు చీటీ కత్తిరించుకుని కూర్చున్నాను. అంగుళం పెరిగాయి అవి. ముప్పై ఒకటి. ఒక్కటి మాత్రం కొంచెం ఎడమకి ఒరిగి ఈదుతుంది, మిగతావన్నీ తిన్నగా, దారం గుంజినట్టు. చీటీ మీద తారీఖు వేశాను. మందు పేరు రాశాను. మనిషి పేరు దగ్గర ఆగాను.

భయపడి ఆగానని చెప్పుకోవచ్చు, నా ఉద్యోగం పోతుందని. అది కాదు. ఆ చీటీ అంటిస్తే చెల్లెలు తిరిగొస్తుంది. మునుపటి కంటే పెద్ద పేరుతో వస్తుంది. ముందు తలుపు దిగి, నా గదికొచ్చి, ఏమండీ, నా చేపలు రెడీనా అంటుంది. అది నేను పడలేను. అంతకంటే గొప్ప కారణమేదీ నా దగ్గర లేదు.

చీటీ నలిపేశాను. బకెట్‌లో మంచుగడ్డలు వేసి నీళ్ళు పోసి, వలతో ఐదారు చొప్పున దించాను. మంచునీళ్ళలో అవి పెద్దగా కొట్టుకోవు. ఎడమకి ఒరిగేదాన్ని ఆఖరున దించాను. దానికి ఇంకొంచెంసేపు పట్టింది. కళ్ళు తుడుచుకోలేదంటే అబద్ధం. తుడుచుకున్న చేత్తోనే తొట్టి కడిగాను.

మూడో అంతస్తులో బీరువా తీసి, పాత పుస్తకాల అడుగునుంచి చెల్లెలి పుస్తకం లాగాను. పేజీ పేజీకీ దాని ముత్యాల్లాంటి అక్షరాలు, పక్కన ఖాళీ గడి. ఆఖరి పేజీలో, ఖాళీగా ఉన్న గడిలో 31 అని వేశాను. కారణం దగ్గర, పనికిరానివి, అని రాసి సంతకం పెట్టాను. కోడి కెలికినట్టే ఉంది. పుస్తకం మళ్ళీ అడుగున పెట్టి బీరువా మూసి, మధ్యాహ్నం మేత వేయడానికి కిందికి వెళ్ళాను.